రిహార్సల్ మాటలో మట్టిబెడ్డలు

నేవీ డే ప్రదర్శన విశాఖలో జరిగే ఏడు, నవంబరు ఆఖరుకొచ్చేసరికి ఆర్కే బీచ్‌లో సాయంత్రాల రంగు మారిపోతుంది. డిసెంబరు 4 నేవీ డే. 1971 యుద్ధంలో కరాచీ రేవు మీద జరిగిన క్షిపణి దాడికి గుర్తుగా దేశమంతా జరుపుకునే రోజే అయినా, విశాఖకు అది సొంత పండగలాంటిది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ ఊరి సముద్రంలోనే, సరిగ్గా ఆ రోజుల్లోనే. పండగకు ముందు కొన్ని రోజులు యుద్ధనౌకలు ఒడ్డు నుంచి కనిపించేంత దగ్గరగా తిరుగుతాయి. హెలికాప్టర్లు అలలను తాకుతున్నాయా అన్నట్టు ఎగురుతాయి. కమాండోలు తాళ్ళు పట్టుకుని జారుతారు. అసలు రోజున బీచ్ రోడ్డు మీద ట్రాఫిక్ ఆంక్షలు, ఇసుకంతా జనం, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుంటే తప్ప ఏమీ కనబడదు. అందుకే తెలిసినవాళ్ళు రెండు రోజులు ముందే వెళ్ళి, ముంత మసాలా పొట్లం చేతిలో పట్టుకుని, తీరిగ్గా గోడ మీద కూర్చుని చూసొస్తారు. "ఇవాళ రిహార్సల్ ఉందంట, వెళ్దామేటి?" అనే మాట ఆ వారంలో ఎన్ని ఇళ్ళలో వినిపిస్తుందో.

రిహార్సల్ ఉందంట అనే అంటారు. పూర్వాభ్యాసం ఉందంట అని ఎవరూ అనరు. అంటే పక్కవాళ్ళు ఒకసారి తిరిగి చూస్తారు. నాటకానికీ, స్కూల్ వార్షికోత్సవానికీ, ఆగస్టు 15 కవాతుకీ, పెళ్ళి సంగీత్‌లో వేసే డాన్సుకీ అదే మాట. పల్లెలో చదువు రాని ముసలమ్మకు కూడా అర్థమయ్యే ఇంగ్లీషు మాటల్లో ఇదొకటి.

ఇంతగా మనదైపోయిన ఈ మాటకు మూలమైన ఇంగ్లీషు క్రియ రిహర్స్. దాని లోపల ఏముందని అడిగితే చాలామందికి తట్టే జవాబు ఒకటుంది. 'రీ' అంటే మళ్ళీ, 'హియర్' అంటే విను, కాబట్టి రిహర్స్ అంటే మళ్ళీ వినిపించడం. స్పెల్లింగ్ చూస్తే నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే వినడం అనే ఇంగ్లీషు మాట అక్షరం పొల్లుపోకుండా దాని మధ్యలో కూర్చునుంది. కానీ అది కాకతాళీయం. ఈ మాటకు చెవితో ఏ సంబంధమూ లేదు. ఇది పొలంలో పుట్టింది.

'రీ' అంటే మళ్ళీ అన్నంతవరకూ ఊహ సరైనదే. మిగతా సగం పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. ఆ భాషలో 'హెర్స్' అంటే పళ్ళున్న ఒక వ్యవసాయ పరికరం. మన దగ్గర దంతె అనో, పళ్ళగొర్రు అనో పిలిచే సామానుకు దగ్గర చుట్టం. దాన్ని పొలంలో తోలడాన్ని 'హెర్సియే' అనేవారు. తోలిన పొలంలోనే మళ్ళీ తోలితే 'రెహెర్సియే'. 12వ శతాబ్దానికే ఫ్రెంచివాళ్ళు ఆ మాటను పొలం గట్టు దాటించి, చెప్పిన సంగతినే మళ్ళీ చెప్పడానికి కూడా వాడటం మొదలుపెట్టారు. నార్మన్ల పాలనలో ఇంగ్లండులో ఫ్రెంచి రాజభాష కాబట్టి, 1300 ప్రాంతానికి అది ఇంగ్లీషులోకీ దిగింది.

ఆ పని ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూస్తే గానీ ఈ మాట రుచి తెలియదు. విశాఖ చుట్టుపక్కల, ఆనందపురం అవతలో, చోడవరం వైపో, ట్రాక్టరు రాకముందు మెట్టపొలం దున్నిన తీరు పాతతరానికి బాగా గుర్తుంటుంది. తొలకరి పడ్డాక నాగలి కట్టి దున్నితే నేల చీలుతుంది, తిరగబడుతుంది. కానీ మెత్తబడదు. చాలు వెంట పిడికిలంత, తలకాయంత బెడ్డలు లేస్తాయి. వాటి మీద విత్తనం చల్లితే కొన్ని గింజలు సందుల్లోకి జారిపోతాయి, కొన్ని పైనే ఉండి పక్షుల పాలవుతాయి. అందుకే దున్నాక దంతె కడతారు. అడ్డంగా ఒక దుంగ, దానికి కిందివైపు వరసగా పళ్ళు, మీద బరువుకు ఒక మనిషో రాయో. ఎడ్లు లాగుతుంటే పళ్ళు బెడ్డల్ని కొట్టి పగలగొడతాయి, గడ్డి వేళ్ళను పైకి ఈడుస్తాయి. ఒక్కసారి తోలితే పెద్ద బెడ్డలు చిన్నవవుతాయి. అదే పొలంలో ఈసారి అడ్డంగా తోలితే చిన్నవి పిండవుతాయి. రెండోసారి తోలేటప్పుడు ఎడ్లు నడిచేది అదే నేల మీద. పళ్ళకు తగిలే బెడ్డలు మాత్రం వేరు. మొదటిసారి ఏవి తప్పించుకున్నాయో అవే.

ఈ చిన్న తేడాలోనే ఆ మాట బలమంతా ఉంది. చేసిందే చేయడం ఒకటి. మొదటిసారి మిగిలిపోయిన దాని కోసం అదే దారిన మళ్ళీ వెళ్ళడం ఇంకొకటి. రిహర్స్ పుట్టుక రెండో జాతిది.

అయితే ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో ఆ మాటకు నాటకంతో సంబంధం లేదు. అప్పటి అర్థం ఏకరువు పెట్టడం, విన్నది విన్నట్టు వప్పజెప్పడం. 14వ శతాబ్దం చివర్లో చాసర్ తన కాంటర్‌బరీ కథల ముందుమాటలో ఒక సంజాయిషీ ఇచ్చుకుంటాడు. మరొకడు చెప్పిన కథను చెప్పేవాడు, ఆ మాటలు ఎంత మోటుగా ఉన్నా సరే, చేతనైనంత దగ్గరగా వాటినే 'రిహర్స్' చేయాలి, లేకపోతే కథ అబద్ధమైపోతుంది అంటాడు. బూతులు రాసినందుకు నన్ను తిట్టకండి, అవి ఆ పాత్రలవి అని తెలివిగా తప్పించుకోవడమన్నమాట. ఇక్కడ రిహర్స్ అంటే సాధన కాదు, నమ్మకంగా తిరిగి చెప్పడం. 1611లో వచ్చిన ఇంగ్లీషు బైబిలులోనూ అదే అర్థం కనిపిస్తుంది. అమాలేకీయులతో యుద్ధం గెలిచాక, ఈ సంగతి పుస్తకంలో రాసి యెహోషువ చెవిలో 'రిహర్స్' చెయ్యమని మోషేకు ఆజ్ఞ అవుతుంది. ఇవాళ్టి ఇంగ్లీషు చెవితో వింటే యెహోషువ చెవి దగ్గర ఎవరో డైలాగు ప్రాక్టీసు చేస్తున్నట్టుంటుంది. కానీ ఉద్దేశం వినిపించమనే.

నాటకం అర్థం 1570ల్లో కనిపిస్తుంది. లండన్‌లో టికెట్టు కొని చూసే నాటకశాలలు మొదలైన కాలం కూడా అదే. జనం డబ్బులిచ్చి చూసేదాన్ని ముందు జనం లేనిచోట చేసి చూసుకోవాల్సిన అవసరం వచ్చింది. ఏకరువు పెట్టడం అనే పాత మాటను ఆ పనికి వాడుకున్నారు. మరో ఇరవై ఏళ్ళకు షేక్‌స్పియర్ తన నడివేసవి రాత్రి కల నాటకంలో ఒక నేతగాడు, ఒక వడ్రంగి, ఒక మాట్లువేసేవాడు, ఇంకొందరు పనివాళ్ళను రిహార్సల్ కోసం అడవిలోకి పంపిస్తాడు. ఊళ్ళో చేస్తే నలుగురూ మూగి గుట్టు రట్టు చేస్తారని వాళ్ళ భయం. పచ్చగడ్డి స్టేజీ, ముళ్ళపొద గ్రీన్‌రూమ్. ప్రేక్షకుల్లో ఆడవాళ్ళు సింహాన్ని చూసి జడుసుకుంటే ఎలా అనే చర్చ అక్కడ మళ్ళీ వస్తుంది. లోపల ఉన్నది సింహం కాదు, మనిషేనని ముందే చెప్పేయాలని అక్కడే తీర్మానిస్తారు. కథ వాళ్ళకు ముందే తెలుసు. కానీ ఈ బెడ్డ పగిలింది నిలబడి ఆడబోయినప్పుడే. రిహార్సల్ అంటే ఏమిటో దీనికంటే సరదాగా చూపించిన చోటు మరొకటి లేదనే చెప్పాలి.

విచిత్రమేమిటంటే, ఈ మాటను ఇంగ్లీషువాళ్ళకు అప్పిచ్చిన ఫ్రెంచివాళ్ళే ఇప్పుడు దాన్ని నాటకానికి వాడరు. వాళ్ళ దగ్గర రిహార్సల్‌ను 'రెపెటిసియోఁ' అంటారు. అంటే అచ్చంగా రిపిటీషన్. జర్మన్లు 'ప్రోబె' అంటారు, పరీక్షించి చూడటమని. ఒకరికి అది మళ్ళీ చేయడం, ఒకరికి పరీక్ష, ఒకరికి దంతె తోలడం. పని ఒకటే, చూసిన కోణాలు మూడు. వీటిలో దంతె తోలడమే ఆ పనికి దగ్గరగా ఉందనిపిస్తుంది. అయితే ఆ మాట వాడే ఇంగ్లీషువాళ్ళలో దాని వెనక పొలం ఉందని తెలిసినవాళ్ళు ఎందరుంటారు!

హెర్స్ వంశం ఇంకా ముందుకు పోతుంది. లాటిన్‌లో దాని ముత్తాత 'హిర్పెక్స్', పెద్ద పళ్ళదంతె. ఆ మాట దక్షిణ ఇటలీలో ఒకప్పుడు మాట్లాడిన ఓస్కన్ భాషలోని 'హిర్పుస్' నుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. హిర్పుస్ అంటే తోడేలు. తోడేలు కోరల్లాంటి పళ్ళు కాబట్టి ఆ పేరు. మనవాళ్ళు ఆ సామానులో దంతాలు చూసి దంతె అన్నారు, వాళ్ళు ఆ దంతాల వెనక ఏకంగా తోడేలునే చూశారు. తర్వాత ఈ కుటుంబంలో ఒక శాఖ శ్మశానం దారి పట్టింది. మధ్యయుగాల చర్చిలో కొవ్వొత్తులు గుచ్చే ముక్కోణపు చట్రం ఒకటుండేది. పళ్ళు పైకి తిప్పిన దంతెలా కనిపించేది కాబట్టి దాన్నీ హెర్స్ అనే అన్నారు. ఆ చట్రాన్ని శవపేటిక మీద పెట్టడం ఆచారమైంది. 17వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి శవాన్ని తీసుకెళ్ళే బండికే ఆ పేరు స్థిరపడింది. కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర కనిపించే మహాప్రస్థానం వాహనాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే హర్స్. ముందు ఒక 'రి' చేరిస్తే రిహర్స్. రెండిటికీ తల్లి ఆ పళ్ళదంతే.

ఇంగ్లీషులో మళ్ళీ చేయడానికి ఇదొక్కటే క్రియ కాదు. అన్నిటికంటే ఎక్కువగా వాడేది రిపీట్. దీని చరిత్రలో విశాఖవాళ్ళకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. లాటిన్‌లో 'పెతెరె' అంటే ఒకదాని వైపు దూసుకెళ్ళడం, కోరడం, దాడి చేయడం. 'రెపెతెరె' అంటే మళ్ళీ దాని మీదికి పోవడం. సంస్కృతంలో ఎగరడం, పడటం అనే అర్థాలున్న 'పత్' ధాతువు దీనికి దాయాది. మన పతనం, పతంగం ఆ ధాతువు నుంచి వచ్చినవే. ఇక ఆ లాటిన్ మాటలోని దాడి అర్థం రెండువేల ఏళ్ళ తర్వాత రేడియోలో మళ్ళీ పైకి తేలింది. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల సైనిక రేడియో నియమాల్లో, అవతలివాళ్ళ మాట సరిగ్గా వినపడకపోతే 'రిపీట్' అనకూడదు. 'సే అగైన్' అనాలి. ఎందుకంటే ఫిరంగి దళాల భాషలో 'రిపీట్' అంటే ఇందాక కాల్చిన చోటే మళ్ళీ కాల్చమని ఆజ్ఞ. వినపడలేదని ఒకడు అలవాటుగా రిపీట్ అంటే గుండు పేలే ప్రమాదముంది.

సరుకు ఓడల సంగతి వేరు. 1933లో మొదలైన విశాఖ పోర్టుకు ఏ దేశపు ఓడ వచ్చినా, అందులో ఏ భాషవాళ్ళున్నా, రేడియోలో మాట్లాడటానికి అందరికీ ఒక పరిమితమైన ఇంగ్లీషు ఉంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక వాక్యాలవి. అందులోనూ వినపడకపోతే 'సే అగైన్' అనే ఉంది. 'రిపీట్'ను మాత్రం తీసేయలేదు, దానికి వేరే పని ఇచ్చారు. చెప్పేవాడే తన మాటలో ముఖ్యమైన ముక్కను రెండోసారి నొక్కి చెప్పాలంటే ముందు 'రిపీట్' అంటాడు. "మీ లోతు సరిపోదు, రిపీట్, సరిపోదు" అన్నట్టు. రేవు ముఖాన ఉన్న డాల్ఫిన్స్ నోస్ కొండకు అటువైపూ ఇటువైపూ ఒకే నీటి మీద, ఈ ఒక్క మాటకు ఎన్ని జాగ్రత్తలో.

ఇటరేట్ అని ఇంకొకటి ఉంది. ఋషికొండ ఐటీ కొండ మీద పనిచేసేవాళ్ళకు 'ఇటరేషన్' పొద్దున లేస్తే వినిపించే మాట. లాటిన్‌లో 'ఇతెరుమ్' అంటే రెండోసారి. మనం రోజూ వాడే సంస్కృత పదం 'ఇతర', ఆ 'ఇతెరుమ్' ఒకే మూలం నుంచి చీలిన కొమ్మలు. ఇతర అంటే ఇది కానిది, ఇంకొకటి. మళ్ళీ అనే భావం ఇంకొకటి అనే భావంలోంచి పుట్టిందని ఈ బంధుత్వం చెబుతోంది. సాఫ్ట్‌వేర్‌వాళ్ళు ఆ మాటను వాడేదీ దాదాపు అలాగే, ప్రతి ఇటరేషన్ తర్వాత బయటికొచ్చేది ఇంకొక వెర్షన్. ఇటరేట్ అంటేనే మళ్ళీ చేయడమైతే, దానికి ముందు మరో 'రీ' తగిలించి రీఇటరేట్ అనడం ఇంగ్లీషువాళ్ళ అతిశయం. గేటు తలుపు, నడిసెంటరు అనుకునే మనం దానికి నవ్వనక్కర్లేదు.

ఇక తెలుగు సంగతి. మళ్ళీ మళ్ళీ చేయడానికి తెలుగువాళ్ళు కూడా మాటలను పొలం నుంచి, పశువుల పాక నుంచి, వంటింటి నుంచే తెచ్చుకున్నారు. చెప్పిందే చెప్పేవాడి ప్రసంగం ఊకదంపుడు. ధాన్యం దంచితే బియ్యం వస్తుంది. బియ్యం తీసేసుకున్నాక మిగిలిన ఊకను రోట్లో వేసి దంచితే చేతులు నొప్పి, చెవులకు చప్పుడు, అంతే. ఈ ఒక్క మాటలో ఉన్న వెటకారం పది వాక్యాల విమర్శలో ఉండదు. పాఠాన్ని పిల్లాడి బుర్రలోకి ఎక్కిస్తే నూరిపోయడం, రాయి మీద మందు అరగదీసి గొంతులో పోసినట్టు. పుస్తకాన్ని ఆమూలాగ్రం చదివేస్తే రుబ్బేశాడంటారు. పాత సంగతులు తలచుకుంటే నెమరువేసుకోవడం. ఆవు మేసేటప్పుడు హడావిడిగా మింగిన గడ్డిని తర్వాత నీడన కూర్చుని నోట్లోకి తెచ్చుకుని నమిలేది ఆకలి కోసం కాదు, అరుగుదల కోసం. జ్ఞాపకాలకు ఇంతకంటే సరిపోయే పోలిక దొరకదు. అదే నమలడాన్ని సంస్కృతం నుంచి తెచ్చుకుంటే తిట్టయిపోయింది. ఒకరు రాసిందే ఇంకొకరు రాస్తే చర్వితచర్వణం, నమిలిందే నమలడం. ఆవు చేస్తే నెమరు, కవి చేస్తే చర్వితచర్వణం!

'తినగ తినగ వేము తియ్యనుండు' అన్న వేమన పద్యం ఎలాగూ అందరికీ గుర్తొస్తుంది కాబట్టి దాన్ని అలా ఉంచేద్దాం. అంతకంటే విలువైన సాక్ష్యం స్కూల్ వ్యాకరణంలో ఉంది. ఒక మాటను రెండుసార్లు పలికితే రెండోదాన్ని ఆమ్రేడితం అంటారని ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చదివినవాళ్ళకు తెలుసు. పాణిని వ్యాకరణంలో ఉన్న పేరది, చిన్నయసూరి బాలవ్యాకరణంలోకీ వచ్చింది. పరీక్ష కోసం పగలు ప్లస్ పగలు ఈక్వల్ టు పట్టపగలు అని బట్టీ పట్టి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయే విషయమది. కానీ ఆగి చూస్తే అందులో ఓ అందమైన లెక్క ఉంది. పగలు రెండుసార్లు అంటే రెండు పగళ్ళు రాలేదు, పట్టపగలు వచ్చింది. నడిమింట ఎండ, దాచడానికి నీడ లేని సమయం. బయలు రెండుసార్లయితే బట్టబయలు. చివర రెండుసార్లయితే చిట్టచివర, ఇక దాని అవతల ఏమీ లేదు. మొదట, మొట్టమొదట. నడుమ, నట్టనడుమ. ఇంకో వింత, మళ్ళీ పలికినప్పుడు రెండో మాట చెక్కుచెదరకుండా ఉంటుంది, మారిపోయేది మొదటిది. పగలులోని 'గలు' పోయి 'ట్ట' వచ్చి కూర్చుంటుంది. వెనకొచ్చిన మాట ముందున్న మాటను బెడ్డను కొట్టినట్టు కొడుతుంది.

సంధి లేనిచోట కూడా ఇదే తంతు. అప్పుడు అంటే ఒక నిర్దిష్టమైన సమయం. అప్పుడప్పుడు అంటే ఏ నిర్దిష్టమైన సమయమూ కాదు. ఎప్పుడు అనేది ప్రశ్న, ఎప్పుడెప్పుడా అనేది ఆత్రం. ఇల్లు ఒకటి, ఇంటింటికీ అంటే ఊరంతా. తెలుగులో ఒక మాటను రెండుసార్లు అంటే వచ్చేది కాపీ కాదు, మరో అర్థం. ఇతర అనే మాటలో ఉన్న గుట్టే ఇది కూడా.

దీనికి పూర్తి వ్యతిరేక ధ్రువం వేదపాఠం. అక్కడ మళ్ళీ చెప్పడంలో ఏమీ మారకూడదు, అదే దాని ప్రతిజ్ఞ. సంత చెప్పుకునే పిల్లవాడు గురువు ఒకసారి అన్నదాన్ని అదే స్వరంతో తిరిగి అంటాడు. చదువు ముదిరాక ఘనపాఠానికి వస్తే పదాలను ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అనే వరసలో ముందుకీ వెనక్కీ నేస్తారు. వెనక్కి చెప్పినప్పుడు వాక్యానికి అర్థం ఉండదు. ఉండాలని కాదు కూడా. ఒక్క పదం జారినా, ఒక్క స్వరం తప్పినా అల్లిక విడిపోయి తెలిసిపోవాలని. రాత లేకుండా తరాలపాటు పాఠాన్ని కాపాడిన తాళం అది. చాసర్ చెప్పిన రిహర్స్ ఇదే, విన్నది విన్నట్టు.

నాటకం ఈ రెండిటి మధ్యా నడుస్తుంది. విశాఖలో నాటకానికి పాత ఊపిరి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ, ఓపెన్ ఎయిర్ థియేటర్, పిఠాపురం కాలనీలో కళాభారతి, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం. అయితే ప్రదర్శన జరిగేది ఆ హాళ్ళలో గానీ, రిహార్సల్ జరిగేది ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ. స్కూల్ వదిలాక ఒక క్లాసురూములోనో, ఎవరింటి మేడ మీదో. పరిషత్తు నాటకాలాడేవాళ్ళు చాలామంది పగలు పోర్టులోనో బ్యాంకులోనో ఉద్యోగం చేసేవాళ్ళు, రాత్రి ఏడున్నరకు గానీ చేరరు. మొదట రీడింగ్, అందరూ గుండ్రంగా కూర్చుని స్క్రిప్టు చదవడం. తర్వాత పోర్షన్ పట్టడం, అంటే ఎవరి డైలాగులు వాళ్ళకు నోటికి రావడం. ఆ తర్వాత లేచి నిలబడి మూవ్‌మెంట్స్. చివరికి లైట్లు, మ్యూజిక్‌తో ఫుల్ రిహార్సల్.

వల్లె వేయడం పోర్షన్‌తో అయిపోతుంది. అసలు పని అక్కడి నుంచే. ఉదాహరణకు ఒక సన్నివేశం. కొడుకు ఇల్లు వదిలి పోతుంటే తండ్రి "వెళ్ళు" అనాలి. ఒకే ఒక్క మాట, రెండక్షరాలు. మొదటి రోజు గట్టిగా అరుస్తాడు, బాగానే ఉందనిపిస్తుంది. నాలుగో రోజు అరుపు డొల్లగా వినిపిస్తుంది. గొంతు తగ్గించి చూస్తాడు, వెనక వరసకు వినబడదు. ఏడో రోజు చేతిలో కాఫీ గ్లాసు ఇస్తారు, నిజం గ్లాసు. ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఒక్క క్షణం తడబడతాడు, తడబడి కింద పెట్టి, అప్పుడు "వెళ్ళు" అంటాడు. గదిలో ఎవరూ మాట్లాడరు. డైరెక్టరు పుస్తకంలో గ్లాసు అని రాసుకుంటాడు. ఆ తడబాటు ఇక నాటకంలో భాగం, రేపటి నుంచి తప్పకుండా అదే చోట తడబడాలి. స్క్రిప్టు అక్షరం మారలేదు. ఏడుసార్లు నడిచిన నేల మీదే ఆ బెడ్డ ఏడోసారి తగిలింది.

నేవీ రిహార్సల్‌కూ ఇది వర్తిస్తుంది, కాకపోతే అక్కడ తడబాటును నాటకంలో కలుపుకోలేరు. 2024లో నేవీ డే ప్రదర్శన పూరీకి వెళ్ళడంతో విశాఖ ప్రదర్శన 2025 జనవరి 4న పెట్టారు. దానికి ముందు జరిగిన రిహార్సల్లో పారాచూట్లతో దూకిన ఇద్దరి తాళ్ళు గాల్లో ఒకదానితో ఒకటి చిక్కుపడి, ఇద్దరూ తిరుగుతూ వచ్చి ఒడ్డు దగ్గర సముద్రంలో పడ్డారు. నేవీ బోటు వెంటనే వాళ్ళను అందుకుంది, ప్రాణాపాయం తప్పింది. ఆ వీడియో చూసినవాళ్ళు రిహార్సల్ ఫెయిలైందనుకోవచ్చు. మాట పుట్టుకను పట్టి చూస్తే ఫెయిలవడం అనడానికి లేదు. అసలు రోజుకు ముందు ఆ బెడ్డ బయటపడింది.

ఇంతకీ ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న ఈ మాటకు తెలుగువాళ్ళు ఏ క్రియ తగిలిస్తారో వినాలి. చేశాం అనీ అంటారు గానీ, నాటకాలవాళ్ళ నోట ఎక్కువగా వచ్చేది 'పడటం'. "రెండు రిహార్సల్స్ పడ్డాయి, ఇంకోటి పడితే గానీ ధైర్యం లేదు" అంటారు మేడ మీద లైటార్పుతూ. చోడవరం వైపు తొలకరి చినుకుల తర్వాత గట్టు మీద నిలబడి, ఎదర పొలాన్ని చూస్తూ రైతు కూడా అదే క్రియ వాడతాడు. "రెండు దుక్కులు పడ్డాయి, ఇంకోటి పడాలి."